మా తాత జీపు: ఎవరెవరు మార్చారు, ఎందుకు మార్చారు

పోయిన సంక్రాంతికి పొందూరు వెళ్ళినప్పుడు పెరట్లో చింతచెట్టు కింద టార్పాలిన్ కప్పుకుని పడి ఉన్న మా తాత జీపు మీద నా కన్ను పడింది. పడిందంటే మామూలుగా కాదు, హైదరాబాద్ వచ్చేసరికి దానికోసం ఒక ఎక్సెల్ షీటు కూడా తయారైపోయింది. 31 అంగుళాల టైర్లు, లిఫ్ట్ కిట్, పవర్ స్టీరింగు, ముందు బంపర్ మీద విన్చి, నీళ్ళలో దిగడానికి స్నోర్కెల్, పైన రోల్ కేజ్, దాని మీద ఒక ఎల్ఈడీ లైట్ల పట్టీ. మొత్తం కింద కూడిక వేస్తే నాలుగున్నర లక్షలు దాటింది. మావాళ్ళకి చూపిస్తే టీములో ముగ్గురు "నేనూ వస్తా" అన్నారు. మా నాన్న మాత్రం ఫోన్లో "అంత డబ్బెట్టి ఏటి సేస్తావురా, దాన్నేసుకుని చెరువుగట్టు మీద తిరుగుతావా?" అని పెట్టేశాడు.

ఉగాదికి మళ్ళీ వెళ్ళి మేస్త్రీని పిలిపించా. డెబ్భై దాటిన మనిషి. తాత ఉన్నప్పట్నుంచీ ఆ బండి ఆయన చేతిలోదే. బానెట్ ఎత్తి, కింద దూరి, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ ఒక్కటే మాటన్నాడు. "బావూ, ఇది ఇప్పటికే మూడుసార్లు మారిపోయిన బండి. నువ్విప్పుడు దేన్ని మార్సుతావు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అది వెతుక్కుంటూ వెళ్ళి తెలుసుకున్నదే ఇదంతా. ఆఫ్‌రోడింగ్ అంటే తళతళలాడే థార్ అనుకునే మిత్రులు కాస్త ఓపిగ్గా చదవాలి.

మొదటి కథ 1940ది. ఐటీలో ఉన్నవాళ్ళందరికీ నచ్చుతుంది, ఎందుకంటే అది అచ్చంగా మన ప్రాజెక్టుల కథే. యుద్ధం ముంచుకొస్తోందని అమెరికా సైన్యం ఆ ఏడాది జులైలో 135 కంపెనీలకి రిక్వైర్‌మెంట్లు పంపింది. నాలుగు చక్రాలకీ లాగుడుండే చిన్న బండి కావాలి, బరువు 1300 పౌండ్లు మించకూడదు, 49 రోజుల్లో నమూనా చేతికివ్వాలి. బరువు అంకె చూసిన ఏ ఇంజనీరుకైనా నవ్వొస్తుంది, 600 కిలోలు కూడా లేదు! 135 మందిలో గట్టిగా ముందుకొచ్చినవి రెండే, అమెరికన్ బాంటమ్, విల్లీస్. బాంటమ్ అప్పటికే మూతబడడానికి సిద్ధంగా ఉన్న చిన్న కంపెనీ. వాళ్ళు కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరుని బయట్నుంచి పిలిస్తే ఆయన రెండు రోజుల్లో డ్రాయింగులు గీసేశాడు. సెప్టెంబరు 23న, గడువుకి కాస్త ముందుగా, బండిని సైన్యం ముందు నిలబెట్టారు. బరువు మాత్రం చెప్పినదానికంటే చాలా ఎక్కువ. సైన్యం ఏం చేసిందంటే, స్పెసిఫికేషన్ మార్చేసింది!

బాంటమ్ బతికి బట్టకట్టిందా అంటే, లేదు. అంత పెద్ద ఆర్డరు మీవల్ల కాదని చెప్పి సైన్యం ఆ డ్రాయింగుల్ని విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ ఇచ్చేసింది. విల్లీస్‌ది 60 గుర్రాల 'గో డెవిల్' ఇంజను, అందర్లోకీ బలమైంది. యుద్ధం ముగిసేలోపు ఆ రెండు కంపెనీలూ కలిపి ఆరు లక్షలకి పైగా జీపులు చేశాయి. బాంటమ్ చివరికి ఆ జీపుల వెనక తగిలించే ట్రెయిలర్లు తయారు చేసుకుంది. డిజైను ఒకడిది, డెలివరీ ఇంకొకడిది, అప్రైజల్ మూడోవాడిది. ఎక్కడో విన్నట్టు లేదూ :)

యుద్ధం అయిపోయాక ఆ బండ్లన్నీ ఏమయ్యాయన్నదే మనకి కావలసిన సంగతి. అమెరికాలో రైతులు, వేటగాళ్ళు, ఇంటికొచ్చిన సైనికులు మిగులు జీపుల్ని కొనుక్కున్నారు. రోడ్డు మీద పోతున్నప్పుడు కూడా ముందు ఇరుసు భాగాలన్నీ ఊరికే తిరుగుతూ ఉండడంతో శబ్దం, అరుగుదల, పెట్రోలు దండగ. 1948లో సియాటెల్‌లో ఆర్థర్ వార్న్ అనే ఆయన దీనికో పరిష్కారం పట్టాడు. ముందు చక్రాల హబ్బుల్ని చేత్తో తిప్పి, అక్కర్లేనప్పుడు ఇరుసు నుంచి విడదీసుకోవచ్చు. ఆ లాకింగ్ హబ్బుల కంపెనీయే తర్వాత 1959లో కరెంటుతో నడిచే విన్చి తెచ్చింది. నా ఎక్సెల్ షీటులో నాలుగో వరస అక్కణ్ణుంచి వచ్చిందన్నమాట. ఆఫ్‌రోడ్ పరికరాల వ్యాపారం మొత్తం పాత సైనిక బండిని సంసారపక్షంగా మార్చుకోడానికి పడ్డ తంటాల్లోంచి పుట్టింది. సాహసం తర్వాతెప్పుడో వచ్చి చేరింది.

మన దేశంలో కథ ఇంకోలా నడిచింది. 1945 అక్టోబరు 2న మహీంద్రా అండ్ మొహమ్మద్ అనే ఉక్కు వ్యాపార సంస్థ మొదలైంది. అన్నదమ్ములు జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా, వాళ్ళతో మాలిక్ గులాం మొహమ్మద్. దేశవిభజన తర్వాత గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళి తొలి ఆర్థికమంత్రి అయ్యాడు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా. 1948లో పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఆ దశాబ్దం చివర్లో బొంబాయి మజగావ్‌లో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలెట్టారు, తర్వాత లైసెన్సు మీద ఇక్కడే తయారీ.

అదే కాలంలో పాత జీపులు మనకి చేదు కూడా తినిపించాయి. 1948లో కాశ్మీర్ యుద్ధం నడుస్తుండగా లండన్‌లో హైకమిషనర్‌గా ఉన్న వి.కె. కృష్ణమీనన్ పద్ధతులన్నీ పక్కనపెట్టి ఒక విదేశీ సంస్థతో సైన్యానికి జీపుల కొనుగోలు ఒప్పందం చేశారు. ఒప్పందం విలువ 80 లక్షల రూపాయలు. వచ్చినవి 155 బండ్లు. వచ్చినవీ పనికొచ్చేవి కావు. ఏడేళ్ళు గొడవ జరిగి 1955లో ప్రభుత్వం ఆ కేసు మూసేసింది. స్వతంత్ర భారతదేశపు తొలి కుంభకోణం సెకండ్ హ్యాండ్ జీపులదని తెలిశాక, పాత బండి కొనేముందు ఛాసిస్ నంబరు చూడమని మేస్త్రీ ఎందుకు నసపెడతాడో బాగానే అర్థమైంది.

ఇక మా బండి. సీజే-3బీ అనే రకం, 1964లో తయారైంది. బానెట్ మామూలు జీపు కంటే ఎత్తుగా, నుదురు పెద్దదిగా ఉంటుంది. కారణం ఇంజను. పాత గో డెవిల్‌లో వాల్వులన్నీ కింద బ్లాకులోనే ఉంటే, 'హరికేన్' అనే కొత్తదాంట్లో గాలి లోపలికొచ్చే వాల్వుల్ని పైన హెడ్డులో పెట్టారు. ఇంజను ఎత్తు పెరిగింది, దాన్ని కప్పడానికి బానెట్ లేపారు. కొందరికి అది అనాకారిగా కనిపిస్తుంది. నాకైతే మా తాత తలపాగా చుట్టుకున్నట్టుంటుంది.

మేస్త్రీ పక్కరేకు మీద పచ్చరంగు గీకుతుంటే కింద పాత తెల్ల అక్షరాలు బయటపడ్డాయి. "...యతీ సమితి". పంచాయతీ సమితి! అక్కడే ఒక అరగంట కూర్చుండిపోయా.

1952 అక్టోబరు 2న సామాజిక వికాస పథకం మొదలైనప్పట్నుంచీ ప్రతి బ్లాకుకీ ఒక ఆఫీసరు, ఆయనకో జీపు. 1959లో మన రాష్ట్రంలో సమితులొచ్చాక అది సమితి జీపయింది. విత్తనాలు, ఎరువుల ప్రచారం, మశూచి టీకాలు, మలేరియా మందు చల్లేవాళ్ళు, కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, అన్నీ ఊళ్ళోకి జీపు మీదే వచ్చాయి. మా నానమ్మకి ఇప్పటికీ జీపు శబ్దమంటే సూదిమందే గుర్తు. ఏజెన్సీలో ఇంకో గుర్తు ఉంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపాక రాజుకున్న శ్రీకాకుళ పోరాటంలో, కొండ కింద దుమ్ము లేస్తే పోలీసు జీపు వస్తోందని లెక్క. ఒకే బండి, పల్లంలో టీకా, కొండమీద తుపాకీ.

1979లో ఆ బండిని వేలంలో మా తాత పాడుకున్నాడు. నేత బట్టల మూటలు స్టేషనుకీ, శ్రీకాకుళానికీ వేయడానికని. పొందూరంటే ఖద్దరు కదా, వంద నంబరు సన్న నూలు, చేతి వడుకు. (అన్నట్టు, ఆ పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ పళ్ళతో దువ్వి శుభ్రం చేస్తారు. చేప దవడ పత్తి దువ్వడానికి పనికొస్తుందని మొదట ఏ మహానుభావురాలు కనిపెట్టిందో గానీ, మాడిఫికేషన్ అంటే అది.) మూటలతో పాటు మనుషులూ ఎక్కడం మొదలెట్టారు. తాత వెనక సీట్లు పీకి, అటూ ఇటూ చెక్కబల్లలు వేయించి, వెనక ఒక అడుగు రేకు పొడిగించాడు. పైన ఇనప పట్టీల చట్రం, దాని మీద కాన్వాస్ టాపు. బరువు కోసం వెనక కమాన్ కట్టలకి రెండేసి పట్టీలు ఎక్కువ వేశారు. పొందూరు నుంచి రాజాం, పండగలప్పుడు పాలకొండ మీదుగా సీతంపేట సంత. పోయేటప్పుడు ఉప్పు, బట్టలు, వచ్చేటప్పుడు చింతపండు, పసుపు, అనాసపళ్ళు. ఇవన్నీ ఏ ఆఫ్‌రోడ్ ట్రాకుకీ తీసిపోని దార్లే. కాకపోతే ఎవరూ ఫొటోలు తీసుకోలేదు.

అప్పట్లో అందరూ బండి మార్చేవాళ్ళే. 1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్యరథం ఏమిటి? పాత షెవర్లే వ్యాన్ పైకప్పు మీద నిలబడి మాట్లాడేలా మార్పించుకున్నదే కదా.

మూడో మార్పు 1986లో, ఇంజను. పెట్రోలు ధర 1973 చమురు సంక్షోభం తర్వాత ఆగలేదు. మహీంద్రా వాళ్ళు మొదట ట్రాక్టరు డీజిల్ ఇంజన్లు జీపుల్లో పెట్టి చూసి, తర్వాత ఫ్రాన్స్‌లోని ప్యూజో దగ్గర లైసెన్సు తీసుకుని 2112 సీసీ డీజిల్ ఇంజను చేయడం మొదలెట్టారు. మన ఊళ్ళలో పాత పెట్రోలు జీపున్న ప్రతివాడూ దాన్ని డీజిల్‌కి మార్చేశాడు. మా మేస్త్రీ ఎక్కడో పడిపోయిన జీపు నుంచి తీసిన ప్యూజో ఇంజను తెచ్చి, పాత గేరుబాక్సుకి కలవడానికి మధ్యలో ఒక దళసరి ప్లేటు లేత్ మీద చేయించి బిగించాడు. ఎత్తు బానెట్ అప్పుడు కలిసొచ్చిందట. "కిందనుంచి లాగుడు డీజిల్‌కే ఉంటాది బావూ, నీళ్ళలో దిగినా ఆగదు" అంటాడు. నిజమే. పెట్రోలు ఇంజనుకి స్పార్కు కావాలి, డిస్ట్రిబ్యూటరు తడిస్తే చచ్చిపోతుంది. డీజిల్‌కి ఆ బెడద లేదు, గాలి పీల్చుకునే గొట్టంలోకి నీళ్ళు పోకుండా చూసుకుంటే చాలు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, లేకపోతే బీటెక్ వృథా. ఈ జీపులో మొదటి గేరు నిష్పత్తి 2.798. నాలుగు చక్రాల లో-గేరు వేస్తే ఇంకో 2.46. ఇరుసులో క్రౌన్ పినియన్ 5.38. మూడూ గుణిస్తే దాదాపు 37. అంటే ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. ఇంజను నిమిషానికి 800 చుట్లతో ఊరికే గురకపెడుతుంటే బండి గంటకి దాదాపు మూడు కిలోమీటర్లు నడుస్తుంది. మనిషి నడక కంటే నెమ్మది. రాళ్ళ మీద, దిగుడు గట్ల మీద కావలసింది ఈ నెమ్మదే. గుర్రాల శక్తి ఎక్కడా అక్కరకి రాదు.

ఇప్పుడు నా 31 అంగుళాల టైర్లు వేద్దాం. అసలు టైరు 28.5 అంగుళాలు అనుకుంటే చక్రం తొమ్మిది శాతం పెద్దదైంది, అంటే ఆ 37 లాభంలో తొమ్మిది శాతం దాకా పోయింది. చక్రం బరువెక్కింది కాబట్టి ఇరుసు మీద భారం పెరిగింది. డ్రమ్ము బ్రేకులు అవే, ఆపాల్సిన చక్రం పెద్దది. టైరు రేకుకి తగలకుండా బండి లేపాలి. లేపితే ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరిగి జాయింట్ క్రాసులు అరుగుతాయి, మలుపులో ఒరగడం ఎక్కువవుతుంది. స్టీరింగు బరువెక్కింది, కాబట్టి పవర్ స్టీరింగు. ఒక లైబ్రరీ వెర్షన్ మార్చబోయి ప్రాజెక్టంతా తిరగరాసే పరిస్థితి. నా షీటులో ఉన్నవాటిలో సగం, టైర్లు అనే మొదటి వరస వల్ల వచ్చి పడినవే.

ఇదంతా డబ్బుతో తీరే సమస్య. తీరనిది చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్‌ని 2000లో గట్టిగా బిగించారు. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న, కేరళ నుంచి వచ్చిన కేసులో జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్ ధర్మాసనం దీన్నే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణలో మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకీ ఐదు వేల జరిమానా, లేదా రెండూ అని చేర్చారు. హర్యానాలోని మండీ డబ్వాలీలో సైన్యం వేలం వేసిన పాత బండ్లతో మొదలై, దేశమంతా పేరుపడ్డ జీపుల తయారీ బజారుంది. అక్కడ నిగనిగలాడే బండి కొనుక్కుని కాగితాల దగ్గర బోల్తా పడ్డ మనవాళ్ళు నాకే ఇద్దరు తెలుసు. ముందు గార్డులు కూడా 2017 డిసెంబరులో నిషేధించారు. నిజం చెప్పాలంటే ఆ గార్డుల విషయంలో ప్రభుత్వమే కరెక్టు. ఎదుటి మనిషి కాళ్ళు విరుగుతాయి, గుద్దుకుంటే దెబ్బ నేరుగా ఛాసిస్‌కి పోతుంది. కానీ మూడు తరాలుగా మార్చుకుంటూనే బతికించిన బండికి, నిన్న షోరూంలో కొన్న బండికి ఒకే కొలత అంటే నాకు మనసొప్పడం లేదు.

మా బండి రిజిస్ట్రేషన్ గడువు తీరడానికి మూడు నెలలుంది. 15 ఏళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి పునరుద్ధరించాలి. కారు తరగతికి ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5000 అయింది. 2025లో 20 ఏళ్ళు దాటినవాటికి 10,000 చేశారు. పోనీ 50 ఏళ్ళు దాటింది కదా, 2021లో తెచ్చిన వింటేజ్ నిబంధనల కింద పెడదామా? దానికి ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి. మాది మూడుసార్లు మారిన బండాయె. పైగా వింటేజ్ బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. కొత్త రూపానికి పనికిరాదు, పాత రూపానికీ పనికిరాదు.

నాకు అసలు భయం వేసింది ఇంజను దగ్గర. ఆర్‌సీలో పెట్రోలని ఉంటే బండి ఇనుము కిందే లెక్క. తాత ట్రంకు పెట్టె తీసి వెతికాం. నాన్న, నేను, నానమ్మ. కరెంటు పోతే సెల్ ఫోన్ వెలుతుర్లో. భూమి పాసు పుస్తకాల కింద, ఖద్దరు గుడ్డలో చుట్టిన చిన్న పుస్తకం దొరికింది. ఇంధనం దగ్గర పెట్రోలు అన్నదాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి 'డీజిల్' అని రాసుంది, కొత్త ఇంజను నంబరు, పక్కన సంతకం, గుండ్రటి ముద్ర, 1986 నాటి తేదీ. దాంతో పాటు దరఖాస్తు నకలు కూడా. సంతకం పెట్టడం తప్ప చదువు లేని మనిషి, ఎవరిచేతో ఇంగ్లీషులో రాయించి, శ్రీకాకుళం నాలుగుసార్లు తిరిగాడట. నాన్న ఆ కాగితం పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. ఆఫీసులో కంప్యూటరు రికార్డులో ఇప్పటికీ 'పెట్రోల్' అనే ఉంది. పుస్తకంలోని ఎర్రసిరాని డేటా ఎంట్రీ చేసినవాళ్ళు ఎవరో చూడలేదు. కౌంటరు దగ్గరాయన "సిస్టంలో అలా రావట్లేదండీ" అన్నాడు. సిస్టం గురించి నాకే చెప్తున్నాడు! సవరణకి దరఖాస్తు పెట్టాం. పై ఆఫీసుకి వెళ్ళిందన్నారు.

ఈలోగా మేస్త్రీ తన పని చేశాడు. బ్రేకుల్లో రబ్బర్లు, లైనింగులు కొత్తవి. ముందు ఇరుసులో సీళ్ళు, బేరింగులు. కమాన్ కట్టలకి తాత వేయించిన అదనపు పట్టీలు తీసేశాడు, ఇప్పుడు మోయాల్సిన ఇరవైమంది లేరు కదా. ఇరుసుల గాలి రంధ్రాలకి గొట్టాలు తగిలించి పైకి పెట్టాడు, నీళ్ళలో దిగినప్పుడు లోపలికి పీల్చకుండా. అసలు సైజులోనే దొడ్డ పళ్ళ టైర్లు. ఒక లాగుడు తాడు, పార, హైడ్రాలిక్ జాకీ, దానికింద వేయడానికి టేకు పలక, గాలి కొట్టే చిన్న కంప్రెసర్. అన్నీ కలిపి అరవై వేల లోపు.

వైశాఖంలో ఒక ఆదివారం పొద్దున్నే దూసి దగ్గర నాగావళి ఇసకలోకి దింపా. పది గజాలు పోయి ఇరుసు దాకా కూరుకుపోయింది. గ్యాస్ తొక్కేకొద్దీ గొయ్యి లోతవుతోంది. నాన్న దిగి చూసి "టైర్లలో గాలి తియ్యి" అన్నాడు. అదెలా తెలుసని అడగలేదు. 30 ఉన్నదాన్ని 16కి దించాం. ట్యూబు టైరు కాబట్టి అంతకంటే దించితే రిమ్ము లోపల జారి వాల్వు తెగిపోతుందని భయం. గాలి తగ్గేసరికి టైరు పొడుగ్గా పరుచుకుని ఇసక మీద కూర్చుంది. లో-గేరు వేసి, యాక్సిలరేటరు ముట్టుకోకుండా క్లచ్చి వదిలా. గురకపెడుతూ, మనిషి నడిచినంత నెమ్మదిగా, తనంతట తనే బయటికొచ్చేసింది.

"మీ తాత ఇక్కడే ఇరుక్కున్నాడు ఒకసారి, బట్టల మూటల్తో" అన్నాడు నాన్న. "ఆవేళ నాకు పదేళ్ళు. రెండు జతల ఎడ్లు కట్టి లాగాం." కాసేపాగి, "జరుగు, నేను తోల్తాను" అన్నాడు.